తార్నాకల స్కానింగ్

చదువుకున్నోళ్ల తెలివి చూడాల్నంటే మా క్యాంపస్ క్వార్టర్సుకు రావాలె. నాకు రొమ్ముల గడ్డ తగిలి పానం గడగడలాడుతుంటే, మా ఆయన పోయి స్టాఫ్ రూముల "మా చుట్టాలామెకు" అని అడిగిండట. సార్లు చాయ్ తాగుకుంట మిషన్లకు ర్యాంకులిచ్చిన్రు. ఎమ్మారై పెద్ద మిషన్, గదే ఫస్టని ఒకాయన. మామోగ్రామ్ ఉండంగ ఇంకోటెందుకని ఇంకొకాయన. గడ్డ ఎవరిదో, ఎంత వయసో అడిగినోడు లేడు.

ముందు మామోగ్రామే తీసిన్రు. రొమ్మును పలకల నడుమ వొత్తి తీసే ఎక్స్‌రే అది. అనుమానపడేది ఏం కనిపియ్యలేదని రిపోర్టుల రాసిన్రు. మా ఆయన ఆ ఒక్క ముక్క చదివి మిఠాయి డబ్బా తెచ్చిండు. దాని కిందనే అల్ట్రాసౌండ్ గూడ చేపియ్యమని ఉన్నది, అది చదవలే. ప్రశ్న పూర్తిగ చదివి జవాబు రాయున్రని రోజూ పిల్లల మీద అరిచే మనిషి!

డాక్టరమ్మ చేత్తో చూసి తల అడ్డంగ ఊపింది. "గడ్డ ఉన్నది గదమ్మా. నీ రొమ్ముల కండ దట్టం. ఎక్స్‌రేల అది తెల్లగనే పడతది, గడ్డా తెల్లగనే పడతది. ఎట్ల దొరుకుతది? అల్ట్రాసౌండ్ల అయితే నీళ్ల గడ్డనా, గట్టిదా తెలుస్తది."

"ఎమ్మారై చేపిద్దాం మేడమ్," అన్నడు మా ఆయన.

"దీంట్ల తేలకపోతే చూద్దాం," అన్నది.

బయటికొచ్చినంక అసలు సంగతి కక్కిండు. "తార్నాకల స్కానింగ్ వద్దు. మనోళ్లెవరన్నా చూస్తే ఈ వయసుల కడుపనుకుంటరు. అంబర్‌పేట్ పోదాం." ఛీ! గందుకా ఎమ్మారై మీద అంత ప్రేమ! నా పానం మీదికొస్తే ఈయనకు పరువు!

ఒక్కదాన్నే పోయిన, తార్నాకకే, పట్టపగలు. ఆడా మగా చెప్పబడదు అన్న బోర్డు కింద కడుపుతోని ఉన్న పిల్లల నడుమ కూసున్న. గడ్డ గట్టిదే, అంచులు సక్కగ లేవన్నరు. సూదితోని ముక్క తీసి పరీక్షకు పంపిన్రు.

ఫలితం రాకముందే పక్క క్వార్టర్ల అక్క వచ్చింది, గిన్నెల మామిడికాయ పులిహోరతోని. నాకన్న కొంచెం పెద్దది, కోస్తా మనిషి. "ఎన్నో నెలే? స్కానింగ్ దగ్గర చూశాలే. అందరికీ తెలిసిపోయింది," అని ముసిముసి నవ్వులు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కడుపు కాదక్కా, రొమ్ముల గడ్డ. క్యాన్సరేమోనని చూస్తున్నరు. పో, గది గూడ చాటింపెయ్యి!"

అక్క నవ్వు ఆగిపోయింది. గిన్నె కింద పెట్టి, తలుపు దగ్గరికేసి, పైట మీద చెయ్యి పెట్టుకున్నది. "నాకూ ఉందే. ఎప్పట్నుంచో. అక్కడికెళ్తే ఎవరన్నా చూసి ఏమన్నా అంటారేమోనని..."

"ఎవరంటరక్కా? చూసి చెప్పేటోళ్లు నువ్వు తప్ప ఈడ ఎవరున్నరు?"

బోరున ఏడ్చింది. చెప్పులేసుకొమ్మన్న. చెయ్యి పట్టుకొని క్వార్టర్సు నడుమ నుంచే అదే సెంటర్‌కు తీస్కపోయిన. చూసేటోళ్లు చూసిన్రు.

నాది క్యాన్సర్ కాదని తేలింది. అక్కది అయింది. మా ఆయన మళ్ల మిఠాయి డబ్బా పట్టుకొచ్చిండు. గోడ అవతల అక్క ఏడుపు వినవడుతనే ఉన్నది. ఆ డబ్బా స్టాఫ్ రూముకు తీస్కపోయి ర్యాంకులిచ్చిన సార్లకు పంచుమన్న.