హాల్టు కోసం హోమం

మీరు ఆఖరుసారి ప్యాసింజరు రైలెక్కినప్పుడు టికెట్టు కొన్నారా? గుడివాడ నుంచి బందరు వెళ్ళే బ్రాంచి లైనులో ఈ ప్రశ్న అడిగితే పెద్దమనుషులు కూడా నవ్వుతారు. "ప్యాసింజరుకి టికెట్టేమిటండీ!" అంటారు. తొంభయ్యో దశకం అయిపోవస్తోంది, ఆ నవ్వు మాత్రం అయిపోలేదు.

నా ప్రయాణానికి కారణం ఆ నవ్వే. శుక్రవారం సాయంత్రం గుడివాడ స్టేషను బయట టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. పెడనకి ఇవతల ఒక హాల్టులో టికెట్లు అమ్ముడుపోవడం లేదట. నెలాఖరుదాకా చూసి అక్కడ రైలు ఆపడం మానేస్తారట. అందుకని ఊరివాళ్ళు మర్నాడు హోమం చేయిస్తున్నారట. టికెట్లు అమ్ముడుపోకపోతే హోమం! ఇది విన్నాక ఇంట్లో కూర్చోవడం నావల్ల అయ్యే పని కాదు. ఆ హాల్టు పేరు రాయను. రాస్తే తక్కిన స్టేషన్లవాళ్ళు తాము బుద్ధిమంతులమనుకుంటారు.

శనివారం ఉదయం ఆరున్నరకి గుడివాడ స్టేషనులో ఉన్నాను. ప్లాట్‌ఫారం నిండా జనం. టికెట్టు కిటికీ దగ్గర నాకు ముందు ఇద్దరే. అట్ట టికెట్టు మీద తేదీ గుద్దించుకుని రైలెక్కాను. పావుతక్కువ ఏడుకి కదలాల్సిన బండి ఏడు దాటాక కదిలింది. భీమవరం లైను ఒక పక్కకి విడిపోయింది, మా బండి బందరు దారి పట్టింది.

ఈ లైను బందరు రేవుని నమ్ముకుని వేసినది. ఓడల్లో దిగిన సరుకు లోపలికి, డెల్టా పంట రేవుకి చేర్చడం దాని పని. మొదట్లో పట్టాల మధ్య దూరం తక్కువట, దాన్ని 'చిన్న రైలు' అనేవారని పాతకాలంవాళ్ళు చెబుతారు. తర్వాత పెద్ద పట్టాలు వేశారు. రేవులో ఓడలు పలచబడ్డాయి, రైలు మిగిలింది. ఇప్పుడది కాలేజీ పిల్లల్ని, గుమస్తాల్ని, చేపల గంపల్ని, పెడన మగ్గాలకి వెళ్ళే నూలు మూటల్ని మోస్తోంది.

ఒంటి లైను కాబట్టి ఎదురుబండి వస్తే ఏదో ఒక స్టేషనులో తప్పుకోవాలి. గుడ్లవల్లేరులో అలా ఇరవై నిమిషాలు ఆగాం. అప్పుడు ఎదురు సీటాయనతో మాట కలిసింది. పేరు వెంకటేశ్వరరావు. గుడివాడలో ఎరువుల కొట్టు, కాపురం సరిగ్గా ఆ హాల్టు ఊళ్ళోనే. కాళ్ళ దగ్గర గోనెసంచిలో కొబ్బరికాయలు, నేతి డబ్బా.

"హోమానికేనా అండీ?" అన్నాను.

"మీక్కూడా తెలిసిందా! ఊరి మీద దృష్టి పడిందండీ. లేకపోతే ఇన్నేళ్ళుగా ఆగే రైలు ఎందుకు ఆగదు చెప్పండి?"

"టికెట్లు తెగక."

"అదంతా గవర్నమెంటు చెప్పే సాకండీ. జనం అంటే వీళ్ళకి లెక్కలేదు."

"మీరు టికెట్టు తీసుకున్నారా?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "మాది రోజూ ప్రయాణమండీ మేష్టారూ. రోజూ వెళ్ళేవాళ్ళకి టికెట్టేంటి? టీసీకి నేను బావ వరస కూడాను."

కొబ్బరికాయలకీ టికెట్టు లేదు, కొట్టబోయే ఆయనకీ లేదు. హాల్టు బతకడం కోసం ఇద్దరూ దొంగ ప్రయాణం చేస్తున్నారు.

ఎనిమిదింటికి దిగాం. మట్టి ప్లాట్‌ఫారం, పేరు బోర్డు, రేకుల కప్పు వేసిన చిన్న గది. బోర్డు స్తంభానికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి. గది కిటికీలో దీనమ్మగారని ఒకావిడ కూర్చుని ఉన్నారు. ఆవిడ రైల్వే ఉద్యోగి కాదు. పక్క స్టేషనులో ముందే డబ్బు కట్టి టికెట్లు తెచ్చి, ఇక్కడ అమ్మి, కమిషను తీసుకునే ఏజెంటు.

"బోణీ అయిందా అమ్మా?" అన్నాను.

"అయిందండీ. అవతలి ఊరి నేతపని ఆడవాళ్ళు ముగ్గురు కొన్నారు. ఈ ఊరివాళ్ళు గుడ్‌మార్నింగ్ చెప్పి ఎక్కేశారు."

"మీవాళ్ళో?"

ఆవిడ గట్టిగా నవ్వారు. "మా చర్చిలో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టారండీ, హాల్టు నిలబడాలని. ప్రార్థన చెప్పడానికొచ్చిన అయ్యగారూ ఉత్త చేతుల్తోనే దిగారు. ఇది పోతే నాకు పచ్చళ్ళ వ్యాపారం ఉందండీ. కాలేజీకెళ్ళే ఆడపిల్లలే బస్సు కోసం రెండు మైళ్ళు డొంకలో నడవాలి. ఎంతమందిని పంపుతారు? చదువు చాలని ఇంట్లో కూర్చోబెడతారు."

అసలు సంగతి అది. హాల్టు పోతే వెంకటేశ్వరరావుగారు మోటారుసైకిలు తీస్తారు. ఆయన వీధిలోని ఆడపిల్ల పుస్తకాలు మూసేస్తుంది.

ప్లాట్‌ఫారం పక్కనే వేసిన షామియానా కింద హోమం మొదలైంది. పొగలో కళ్ళు మండుతుండగా నేను లేచి అడిగాను: "ఇక్కడున్నవాళ్ళలో నిన్న టికెట్టు కొని రైలెక్కినవాళ్ళు చెయ్యెత్తండి." చేతులు లేవలేదు. గుడివాడ నుంచి మా బండిలోనే వచ్చిన పురోహితుడు గబగబా ఇంకో చెంచా నెయ్యి వేశారు.

"ఎవడ్రా ఈ నాస్తికుణ్ణి పిలిచింది?" అన్నాడొక ముసలాయన.

"నేను కొంటానంటే మా ఆయనే తిడతాడండీ, దండగమారి దానా అని," అంది వెనక నుంచి ఒకావిడ. ఆడవాళ్ళంతా నవ్వారు.

వెంకటేశ్వరరావుగారికి కోపం వచ్చింది. "దేవుడి పని దగ్గర టికెట్ల గొడవేంటండీ! ఆయనే చూసుకుంటాడు."

కిటికీలోంచి దీనమ్మగారు కేకేశారు: "దేవుడు టికెట్టు కొనడు రావుగారూ! మా ప్రభువునీ అడిగి చూశాం, కొనలేదు!"

నన్ను గౌరవంగానే షామియానా బయటికి సాగనంపారు. పదీ నలభై బండికి బందరు చేరి, స్టేషను దగ్గర భోజనం చేసి, దివిసీమ బస్సెక్కాను. రైలు లేని చోట బతుకెలా ఉందో చూడాలనిపించింది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ దాకా బస్సులో ఒంటికాలి మీదే నిలబడ్డాను. నా పక్కన రెండు కోళ్ళు పట్టుకున్న రైతు ఉన్నాడు.

"మీకు రైలు కావాలని లేదా?" అన్నాను.

"ఎలక్షన్లొచ్చినప్పుడల్లా వస్తదండీ మాకు రైలు. ఓట్లు అవ్వగానే వెనక్కెళ్ళిపోద్ది," అన్నాడు. పొద్దుటి సంగతి చెబితే నమ్మలేదు. "గుమ్మంలో రైలాగుతుంటే టికెట్టు కొనరా? ఆ పట్టాలు పీకి ఇటు పంపమనండి బాబూ, మేం కొనుక్కుంటాం."

అవనిగడ్డలో టీ తాగి వెంటనే వెనక్కి తిరిగాను. బందరులో అయిదున్నర బండి దొరికింది. హాల్టు దగ్గర తలుపులోంచి తొంగిచూస్తే దీనమ్మగారి కిటికీ ముందు జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు! రైలు కూసింది. గుడివాడలో కొట్టు చూసుకోవడానికి బయల్దేరిన వెంకటేశ్వరరావుగారు పరుగున వచ్చి నా పెట్టెలోనే ఎక్కి, టికెట్టు తీసి చూపించారు. దాని మూలకి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

"పంతులుగారు చెప్పారండీ. హోమంలో కూర్చున్నవాళ్ళు టికెట్టు లేకుండా రైలెక్కితే ఫలం దక్కదట. కొని, దేవుడి దగ్గర పెట్టి తీసుకోమన్నారు. ఆయనా కొనుక్కునే వెళ్ళారు."

"పొద్దున నేను చెప్పిందీ అదేగా?"

"మీరు చెబితే గొడవండీ. ఆయన చెబితే శాస్త్రం."

బండి కదులుతుంటే కిటికీలోంచి దీనమ్మగారి గొంతు: "పసుపు పూసినా టికెట్టు టికెట్టేనండీ మేష్టారూ! లెక్కలో పడుద్ది!"

గుడివాడ వచ్చేదాకా నాకు సంతోషమూ ఒళ్ళుమంటా కలిసి వచ్చాయి. భయంతో కొనే టికెట్టు భయం ఉన్నన్నాళ్ళే కొంటారు. హాల్టు నిలబడితే ఆ ఘనత నేతికి కట్టబెట్టి, మళ్ళీ ఉత్త చేతుల్తో ఎక్కుతారు. అప్పుడు ఇంకో హోమం, ఇంకో ఉపవాస ప్రార్థన. ఆ రైలుని పోషించాల్సింది దాంట్లో కూర్చునే మనమేనని ఒప్పుకోవడానికి మాత్రం మనసొప్పదు.

నెలాఖరు ఇంకా రాలేదు. చదివి తల ఊపి ఊరుకోకండి. రేపు పొద్దున స్టేషనుకి అయిదు నిమిషాలు ముందు వెళ్ళండి. కిటికీ దగ్గర నిలబడండి. మీ టికెట్టు మీరు కొనండి, మీ పక్కవాడి చేతా కొనిపించండి. పసుపు అక్కర్లేదు.