పెద్దత్తగారు ఏరిన అరటికాయలు

మొన్న అమలాపురం బజారులో కూరగాయలమ్మే ఆవిడ, నేను ఎంచుకున్న అరటికాయల్లోంచి రెండు తీసి పక్కన పెట్టి, ఇవి ముగ్గుతున్నాయండీ, కూర తియ్యగా అయిపోద్ది అంది. ఆవిడ మామూలుగానే అంది గాని, నాకు తల వంగిపోయింది.

కొత్తపేట దగ్గర మా అత్తవారింట్లో అత్తగారి అక్కగారు ఉండేవారు. ఆవిణ్ణి నేను పెద్దత్తగారు అనేదాన్ని. చిన్నతనంలోనే భర్త పోయి చెల్లెలి ఇంటికి చేరిన ఆవిడకు, నేను కాపురానికి వెళ్ళేసరికే కళ్ళకు శుక్లాలు కమ్మేశాయి. అయినా పెరట్లో బొంత అరటి గెల దించితే కాయలు ఏరవలసింది ఆవిడే. వేలితో తడిమి, పలకలు తేరి ఉన్నవి కూరకనీ, గుండ్రబడినవి పండుకనీ విడదీసేవారు.

మా ఆడపడుచు అత్తవారు భోజనానికి వచ్చిన రోజున, ఆవిడ కూరకని ఏరి వెనక వసారాలో తడిగుడ్డ కప్పి ఉంచిన కాయలకోసం అంతదూరం వెళ్ళడానికి బద్ధకించి, వంటింటి గుమ్మం దగ్గర పండుకని ఉంచినవే తరిగేశాను. ఉడుకుతూంటేనే తీపి వాసన వచ్చింది. చింతపండు పులుసు మరికాస్త పోసి, దించాక ఆవముద్ద దండిగా కలిపి, తెలియదులే అనుకున్నాను. వియ్యపురాలుగారు ఒక్క ముద్ద తిని కూర పక్కకు జరిపారు.

మా అత్తగారు అందరిముందూ అక్కగారితో, "కళ్ళు కనబడని నీచేత ఏరించేను చూడు, నాదే బుద్ధితక్కువ" అనేశారు.

పెద్దత్తగారు నేనున్న వైపు ఒకసారి మొహం తిప్పి, "ఆయ్, నా చేతికి తెలీలేదు" అన్నారు. నేను వరసగా మజ్జిగ వడ్డించుకుంటూ పోయాను.

అందరూ కునుకు తీస్తున్నవేళ ఆవిడ గోడ తడుముకుంటూ వసారాలోకి వెళ్ళి, తను ఏరిన కాయలన్నీ ఆవు ముందు వేసి రావడం కిటికీలోంచి చూశాను. అప్పుడైనా లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

ఆ తరవాత ఆవిణ్ణి ఎవరూ వంటింటి పనికి పిలవలేదు. కొన్నాళ్ళకు, జరిగింది చెప్పేద్దామని రెండు కాయలు పట్టుకుని దగ్గర కూర్చుంటే, ఆవిడ చేతులు పమిటలో దాచుకుని, "వద్దమ్మా, ఇంక నన్నడక్కు" అన్నారు. చెప్పకుండానే ఆ కాయలు పట్టుకుని లేచి వచ్చేశాను. మరో రెండేళ్ళకు ఆవిడ పోయారు.

ఇప్పటి కోడళ్ళు కూర మాడితే నేనే మాడ్చేనండీ అని నవ్వేస్తున్నారు. మా రోజుల్లో కోడళ్ళకు భయం ఎక్కువని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాని ఆ పూట నన్నెవరూ భయపెట్టలేదు. అసలు నన్నెవరూ అడగనే లేదు.