మా అమ్మ ఇల్లెక్కింది

మా చిన్నప్పుడు... రోహిణి కార్తె రాగానే మా ఇంటి కప్పు దింపేవాళ్లం. ఎండకీ వానకీ నల్లబడిన కొబ్బరి కమ్మల్ని నాన్న దోటితో కిందికి లాగుతుంటే తేళ్లూ ఎలకపిల్లలూ రాలిపడేవి... నేనూ చెల్లీ కెవ్వుమని అరుస్తూ పరిగెత్తేవాళ్లం. మృగశిర వానలు పడేలోపు కొత్త కమ్మ కప్పుకోవాలి.

"మా ఇల్లు" అన్నాను గానీ, అది మాది కాదు. భావనపాడు దగ్గర ఒక కామందుగారి కొబ్బరితోట. నాన్న దానికి కాపలా. తోటలోనే మట్టిగోడల ఇల్లు, నేను పుట్టింది అందులోనే. కమ్మ ఇవ్వడం కామందు వంతు, కప్పుకోవడం మా వంతు... ఏటా అలాగే నడిచేది.

అరవైల చివర్లో పెద్దాయన పోయారు. కొడుకు చినబాబుకి తోట అమ్మేయాలని ఉంది. లోపల కాపలావాళ్లుంటే కొనేవాళ్లు వెనకాడతారు. మొహమ్మీద పొమ్మంటే ఊళ్లో చెడ్డపేరు. అందుకని తియ్యగా కబురు పెట్టాడు... "పాత కమ్మ దింపేయండి, కొత్తది బండి మీద పంపిస్తన్నాను."

మా నాన్న ఉత్త అమాయకుడు. ఒక్క పూటలో కప్పంతా దింపేశాడు.

బండి రాలేదు. మూడు రోజులు... ఐదు రోజులు... అమ్మ అన్నం వండుతుంటే కాకులు వాసాల మీద వాలి గిన్నెలోకి తొంగిచూసేవి. ఏటా కప్పడానికి వచ్చే మనుషులు కూడా రాలేదు, చినబాబు వద్దన్నాడట. ఆరో రోజున సముద్రం వైపు మబ్బు పట్టింది. మమ్మల్ని వాన చేత వెళ్లగొట్టించాలని అతని ఎత్తు అని అప్పటికి గానీ మాకు తట్టలేదు.

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, "ఎల్లి కాళ్లట్టుకుంటాను" అన్నాడు.

"ఏటికి? మనమేటి తప్పు సేసినాం?" అంది అమ్మ. "నువ్వు కూకొని తాడు పేను. కమ్మ సంగతి నాను సూసుకుంటాను."

రాలిన కమ్మ కాపలావాళ్లదే, తోటల్లో అది వాడుక. పొయ్యిలోకని పెరట్లో పేర్చుకున్న ఆ కమ్మంతా ఈడ్చుకొచ్చి, గుంటలో నానబెట్టి అల్లడం మొదలుపెట్టింది. నాకూ చెల్లికీ వేళ్లు కోసుకుపోయి ఒకటే మంట... ఏడిస్తే, "ఏడుస్తానే అల్లండే" అనేది! కమ్మంతా కప్పుకే పోయిందని పొయ్యిలోకి సరుగుడు ఆకు ఊడ్చుకొచ్చేవాళ్లం.

వాసాలు పుచ్చిపోయి నాన్న బరువు ఆగేలా లేవు. ఆడది ఇల్లెక్కితే అరిష్టమనేవారు మా వైపు. అమ్మ గోచీ బిగించి ఎక్కేసింది. నాన్న కిందనుంచి కమ్మ అందిస్తుంటే పైన కడుతోంది.

సరిగ్గా అప్పుడే చినబాబు వచ్చాడు, తోట కొనే పెద్దమనిషిని వెంటబెట్టుకుని!

"ఆడదానివి ఇల్లెక్కినావేటే? దిగు!" అని అరిచాడు.

"దిగను బాబూ. నువ్వంపిన కమ్మ బండి వస్తే గానీ దిగనని మొక్కుకున్నాను. దారిలో ఏటైనా కనపడినాదా?"

వచ్చినాయన ఫక్కున నవ్వేశాడు. చినబాబు మొహం మాడిపోయింది. అమ్మ ఆపితేనా!

"ఈ సెట్లు మొక్కలప్పుడు కడవలతో నీల్లు మోసినాం. పొమ్మనాలంటే నీ నోటితో సెప్పు, పదిమందిలో సెప్పు. వాన సేత సెప్పించకు బాబూ."

చినబాబు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే వాన పడింది. రెండు చోట్ల కారింది, గిన్నెలు పెట్టుకున్నాం. తోట చేతులు మారింది గానీ, కొన్నాయన మమ్మల్ని కదపలేదు. నా పెళ్లి ఆ వాకిట్లోనే అయింది.

ఇప్పుడు నేను విజయనగరంలో ఒక అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను. కింద మెట్ల పక్క గదిలో వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు. పోయిన వారం మీటింగులో ఆ గది స్కూటర్లకి కావాలన్నారు. "కుళాయి కట్టేద్దాం, వాళ్లే పోతారు" అన్నాడొకాయన నవ్వుతూ... నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, "పొమ్మనాలంటే వాళ్ల పిల్లల ముందు నిలబడి మీ నోటితో చెప్పండి" అన్నాను. గది ఇంకా వాళ్లదే... మళ్లీ మీటింగుకి కూడా నేను వెళ్తాను.

ఆ రోజుల్లో మాకు అల్లుకోవడానికి కమ్మైనా ఉండేది. వీళ్లకి అదీ లేదు.

మీలో ఎవరైనా అలా కాపలా గదుల్లో, పరాయి పెరట్లో పెరిగి ఉంటే కింద రాయండి... సిగ్గుపడకండి. నేను పడటం లేదు.