ప్రయోగశాల లేని ప్రొఫెసర్

నాది గణిత భౌతికశాస్త్రం. ప్రకృతి గురించి రాసుకున్న సమీకరణాలకు అసలు పరిష్కారం ఉంటుందా, ఉండదా అని కాగితం మీద రుజువు చేసే పని. హోసూరు దగ్గరి మా ఇంజనీరింగ్ కాలేజీలో ఈ మాట పన్నెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ప్రొఫెసర్ పదోన్నతికి మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడుసార్లూ ఒకే గడి దగ్గర ఆగిపోయింది: ‘మీరు ఏర్పాటు చేసిన ప్రయోగశాల పరికరాలు’. ‘అవసరం లేదు’ అని రాసేవాణ్ణి.

మూడోసారి ప్రిన్సిపాల్ పిలిచారు.

“ఏమప్పా, ఒక మిషనైనా తెప్పించుకోరాదా?”

“నా పనికి మిషన్ ఎందుకు సార్? పెన్సిలు, కాగితం చాలు.”

“పెన్సిలని రాస్తే కమిటీవాళ్లు నవ్వుతారప్పా!”

నేను చేస్తున్న రుజువులో ఒక మెట్టు రెండేళ్లుగా కదలడం లేదు. దాని ముందు కూర్చోవలసిన మధ్యాహ్నాలన్నీ ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో వివరించే ఉత్తరాలకే పోయాయి. ఒకసారి కృష్ణగిరి దాకా బస్సులో పోయి, కమిటీ సభ్యుడొకాయనకు గంటసేపు చెప్పాను. అంతా విని, “అన్నీ సరే, ఒక మైక్రోస్కోప్ పెట్టుకుంటే ఏం పోయింది?” అన్నారాయన. తిరుగు బస్సులో నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునే ఆవిడ రాయకోట నుంచి రోజూ రైల్లో వస్తుంది. పరికరాల రిజిస్టరు ఆమె దగ్గరే ఉంటుంది. నా చిరాకు చూసి ఒకరోజు అడిగింది.

“సార్, మీరు దినామూ దేని ముందర నిలబడి పని చేస్తారు?”

“బోర్డు ముందర.”

“మీ రూములో దాన్ని పెట్టించింది ఎవరు?”

“నేనే అడిగి పెట్టించుకున్నాను.”

“అయితే ఆడ రాయాల్సింది అదే కదా సార్. రిజిస్టర్లో ఎక్కించేస్తాను, సంతకం పెట్టండి.”

నాకు ఒళ్లు మండింది. “ఇది మోసం కాదామ్మా?”

“మోసమేముండాది? స్క్రూగేజి లేకుండా పిల్లోళ్లు కొలవలేరు. బోర్డు లేకుండా మీరు చేయగలరా?”

చేయలేను. సంతకం పెట్టి, నాలుగోసారి దరఖాస్తులో ఆ గడి నింపాను.

తనిఖీకి వచ్చినాయన బోర్డును వేలితో తట్టి చూశారు. “దీన్ని సరిచూసేది ఎప్పుడెప్పుడు?” అన్నారు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ, “దినామూ తుడుస్తాము సార్” అంది. ఆయన రాసుకున్నారు!

రెండు నెలలకు పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. సంతోషించాలనే చూశాను. వారం తిరక్కుండానే ఆఫీసు నుంచి ఇంకో కాగితం దిగింది: ఆ పరికరాన్ని రోజుకు ఎన్ని గంటలు, దేనికి వాడుతున్నారో పుస్తకంలో రాయాలట. కాగితం పట్టుకుని నేరుగా ల్యాబ్‌కు పోయాను.

“చూడమ్మా, నీ సలహా ఎందాక వచ్చిందో!”

ఆవిడ కాగితం చదివి సొరుగులో పెట్టుకుంది. “అది నేను రాసుకుంటాను లెండి. మీరు పోయి మీ పని చూసుకోండి సార్.”

పన్నెండేళ్లలో అక్కడ నాకు ఆ మాట చెప్పింది ఆమె ఒక్కతే.