ఇసుకలోనే కాసే దోస

మా హల్దీ వాగు మీద ఒక మహాకావ్యం రాద్దామని కూర్చున్నాను. నిన్నటి వానకు ఎదురింటి ముందున్న రోబో ఇసుక కుప్ప తడిసింది గానీ, రాయి పిండి కదా, దానికి వాసనే లేదు. ఆ లేని వాసనకే వాగు గుర్తొచ్చింది. తీరా చూస్తే అది ఎక్కడో గుట్టల్లో పుట్టి, మెదక్ పక్కనుంచి జారుకుని, గుట్టుగా మంజీరలో కలిసిపోయే వాగు. ఏడాదిలో సగం రోజులు నీళ్లే ఉండవు. అలాంటి దానితో కావ్యం నడవదు.

నీళ్లు లేని ఆ సగమే మా కాలం. చలి తగ్గి, పారే నీళ్లు సన్నని పాయగా మిగిలి, ఆ కాస్త పాయ కోసం లకుముకి పిట్టలు తగాదా పడుతూ, ఒడ్డున తుంగ ఎండి గరగరమంటున్నప్పుడు నాయనమ్మ పార భుజాన వేసుకుని వాగులోకి దిగేది. వెనక ఎరువు గంపతో ఆమె కొడుకు, మా బాపు, ఆ వెనక ఏ పనీ లేకుండా నేను. ఇసుకను మోచేతి లోతు తవ్వితే తడి తగిలేది. ఆ తడిలో పిడికెడు ఎరువు, నాలుగు దోస గింజలు. చేలో పెడితే ఆ దోస కాసేది కాదు, దానికి వాగు ఇసుకే కావాలి. ఏటా పండిన కాయ గింజల్ని నాయనమ్మ బూడిదలో కలిపి, ఎండిన సొరబుర్రలో దాచేది. "ఒక్క ఏడు కాయకుంటె జాతే ఖతం" అని ప్రతి ఎండాకాలం హెచ్చరించేది. ఏటా వినే హెచ్చరిక ఎవరికి ఎక్కుతుంది?

నేను ఐదో తరగతిలో ఉండగా ఇసుక కోసం ట్రాక్టర్లు దిగాయి. మొదటిది నడిపింది మా మేనమామ యాదగిరే. మా ఇంట్లో విపత్తులన్నీ చుట్టరికం కలుపుకునే వస్తాయి. చక్రాలు దిగబడుతున్నాయని నాయనమ్మే తంగేడు కొమ్మలు నరికించి, ట్రాక్టరు దారి పొడుగునా పరిపించింది.

"వాగంత ఎత్కపోతవా ఏంది యాదగిరీ?"

"వానలు వడితె మళ్ల తెస్తది అత్తమ్మా. వాగుకు ఉస్కె కరువా?"

"గదీ నిజమే. జర పక్కకెళ్లి తోలు. నా తీగె తొక్కినవంటె నిన్ను గూడ గీడ్నే పాతిపెడ్త."

నీళ్లు ఏటా వస్తున్నాయి కనక ఇసుకా వస్తుందని అందరం నమ్మాం. వానలు పడ్డాయి. వాగు నీళ్లు మాత్రమే తెచ్చింది.

మరుసటి ఎండాకాలం పార దింపితే బండ టంగుమంది. ఎక్కడ దింపినా అదే చప్పుడు. సగం గింజలు బండల సందుల్లోని ఒండ్రులో పెట్టింది నాయనమ్మ, ఎండకు మాడిపోయాయి. సంగతి తెలిసి మామ ఎక్కడినుంచో ఒక ట్రాక్టరు నిండా ఇసుక తెచ్చి మా వాకిట్లో కుమ్మరించాడు. మిగిలిన గింజలన్నీ అందులో పడ్డాయి. పెళ్లిచూపులకు వచ్చినట్టు తల దువ్వుకుని వచ్చి మరీ రోజూ నీళ్లు పోశాడు మామ. తీగె పాకింది, పూసింది, చివరికి ఒకే ఒక్క కాయ కాసింది. కోస్తే గింజలన్నీ తాలు.

నాయనమ్మ కాయను ముక్కలు చేసింది. ఒక ముక్క తాను నోట్లో వేసుకుని, ఒకటి మామకిచ్చింది.

"ఎట్లుందిరా?"

"మస్తుంది అత్తమ్మా."

"అబద్ధం. యాప కన్న చేదున్నది."

మామ తల దించుకుని మిగతా ముక్కలన్నీ తనే తినేశాడు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ జోకులు వెయ్యలేదు, నాతో సహా.

నాయనమ్మ ఇప్పుడు లేదు. వాగు గుంతల్లో నీళ్లు నిలుస్తున్నాయి, వంతెన మీద జనం ఆగి ఫోటోలు దిగుతున్నారు, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ దోస మాత్రం నాకు తెలిసి ఎక్కడా లేదు. మేమూ బజార్లోనే కొంటున్నాం. కొన్న కాయను కూరలో వేసేముందు తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి రుచి చూడాలి. చేదు కాయ ఒక్కటి పడినా గిన్నెడు కూరా పారబోయాల్సిందే.