ఎర్రచీరె ఎగరేసిన పాపం

ఆ రోజుల్లో తప్పు చేయడానికి నాకు ఐదు నిమిషాలు చాలేవి. దాన్ని ఒప్పుకోవడానికి మాత్రం ధైర్యం ఎంతకీ వచ్చేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, గోదావరి రెండు పాయల నడుమ పదకొండు ఇళ్ల కుర్రు (ఏటి నడుమ దిబ్బను మా వైపు అలాగే అంటారు), అందులో నేను చదువు చెప్పే ఒక చిన్న బడి. ఫోన్లు అందరి దగ్గరా ఉండేవి, సిగ్నలే ఏరు దాటి వచ్చేది కాదు. పడవ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నడుమలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, మా పక్కింటి అవ్వ తన ఎర్రచీరెను రేవులో పాతిన వాసానికి కట్టేది. అది కనబడగానే అవతలి ఒడ్డున పడవ మామ కంచం ముందు నుంచైనా లేచి రావాలి. మనిషిని దవాఖానలో చేర్చే దాకా పక్కనుండాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ చీరెను నేను ఒక బరాత్ కోసం ఎగరేశాను.

దోస్తు పెళ్లి ఊరేగింపు అది. పొద్దున మొద్దునిద్ర పోయి పడవ అందుకోలేకపోయాను. సాయంత్రం దాకా ఆగితే బరాత్ అందదు. అవ్వ చేనుకు పోయింది, చీరె దండెం మీద ఉంది. ఇస్త్రీ చొక్కా తొడిగి, సెంటు కొట్టుకుని, చీరె కట్టేశాను. పడవ మామ చెమటలు కక్కుతూ వచ్చాడు, వెంట మంచంతో ఇద్దరు మనుషులు.

"ఎవలకేమైంది సారూ?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు. "నాకే మామా, కడుపుల నొస్తుంది."

ఘుమఘుమలాడుతున్న నన్ను మంచం మీద మోసుకుపోయారు. దవాఖానలో సూది, ఆపైన సెలైన్. సాయంత్రం మా దోస్తు బరాత్ డప్పులతో ఆ కిటికీ ముందు నుంచే పోయింది. (పెళ్లికొడుకు తల మాత్రం కనబడింది.) పడవ మామ పక్కనే కూర్చుని, "జర తక్కువైందా సారూ?" అని అడుగుతూనే ఉన్నాడు.

నవ్వుకునే భాగం అంతటితో అయిపోయింది. అవ్వ కోడలికి నెలలు నిండుతున్నాయి, భర్త దుబాయ్‌లో. పైన వానలు పడి ఏరు రోజురోజుకూ పెరుగుతోంది. నా నాటకం మామ కనిపెట్టి ఉంటే? రేపు ఆమెకు నొప్పులొచ్చి చీరె ఎగరేస్తే, 'సారు మల్ల యాడికో పోతుండు' అని మామ రాకపోతే? ఆమె దగ్గినా నేను అవతలి రేవు వైపు చూసేవాణ్ని. చెప్పేద్దామని పోయి, "చేపలు పడుతున్నయా మామా?" అని అడిగి వచ్చేవాణ్ని.

"పడుతున్నయి గని, నీ మొకం గట్ల పీక్కపోయిందేంది? ఫికర్ చేస్తున్నవా దేనికన్న?"

ఒకనాడు బడిలో పిల్లలు అన్నాలు తింటున్న వేళ అవ్వ కేక వినబడింది. "సారూ, కోడలికి నొప్పులస్తున్నయి!" చీరె అప్పటికే కట్టేసింది. అవతలి రేవు వైపు చూశాను. పడవ కదలలేదు. కోడల్ని రేవుకు తెచ్చి మళ్లీ చూస్తే, అసలు పడవే లేదు.

"మామ నమ్మలేదవ్వా. అంతా నా వల్లనే" అని, బరాత్ సంగతంతా అక్కడే కక్కేశాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గిప్పుడా చెప్పుడు? ముందుగాల పిల్లను పట్టు!"

అప్పుడు ఎగువ మలుపులోంచి పడవ వచ్చింది.

"వరద గుంజుతుంటే తిన్నగ వస్తరా? ఒడ్డెంబడి పైకి గుంజుకపోయి వదిలిన" అన్నాడు మామ, కోడల్ని ఎక్కిస్తూ.

"నువ్వు నమ్మవనుకున్న మామా. ఆ దినం నాకు..."

"ఎరుకే. డప్పులకు సెలైన్ మంచం మీద నీ కాళ్లు ఆడినయి. నేను చూడలేదనుకున్నవా?"

"మరి ఇయ్యాల ఎట్ల వచ్చినవ్?"

"నీ కోసం రాలే, చీరె కనవడితే వచ్చిన. ముచ్చట్లాపి పడవల నీళ్లు తోడు!"

నా టిఫిన్ డబ్బాతో అవతలి ఒడ్డు దాకా తోడాను. ఆ పూట నేను చేసిన మంచి పని అదొక్కటే.

దవాఖాన వరండాలో పాప ఏడుపు వినబడగానే నేనూ బోరుమన్నాను. అవ్వ కంగారుగా చుట్టూ చూసి, "తండ్రి దుబాయ్‌ల ఉండంగ నువ్వెందుకు గింత ఏడుస్తున్నవ్ కొడుకా? జనమేమనుకుంటరు!" అంది.

ఆ తర్వాత ఎన్నో బళ్లు మారాను. వరండాలో ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డ ఆ కుర్ర సారు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గే. ఒక్క నిజం చెప్పడానికి ఏరు పొంగేదాకా ఆగాడు, పిచ్చివాడు. అయినా ఆ వేళ వాడి ఏడుపులో మాత్రం అబద్ధం లేదు. అది తలచుకున్నప్పుడు, వాణ్ని తిట్టబోయి నవ్వేస్తాను.