అత్తగారి వడ్ల వాసన

నా ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు సంగతి ఇది. అప్పుడు నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక వరి పరిశోధన కేంద్రంలో ప్రధాన శాస్త్రవేత్తను. కొత్త వంగడాలు తయారుచేసే విభాగం నాది. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు అయిపోయి కల్లాల్లో ధాన్యం ఎత్తుతున్న రోజులు. ఏలూరు నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేదాన్ని. మా నాన్నగారు బడి పంతులు. ఆయన నుంచి నాకు దక్కిన ఆస్తి గట్టి గొంతూ, ఎవరైనా "సుమారుగా" అంటే ఒళ్లు మండటమూను.

అలాంటి ఒక పొద్దున ముదినేపల్లి వైపు నుంచి వీర్రాజు గారనే రైతు గుడ్డసంచిలో బియ్యం పట్టుకుని వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం గారూ, మా బియ్యానికి వాసన పోయిందండీ. మళ్లీ తెప్పించే మార్గం ఏమన్నా ఉందాండీ?" అన్నారు.

రైల్లో గొడుగు మర్చిపోయినవాడు స్టేషను మాస్టరుతో చెప్పినట్టు చెప్పారాయన. నవ్వొచ్చింది కానీ, తరవాత విన్న మాటలకు నవ్వు ఆగిపోయింది. ఆ విత్తనం వాళ్లమ్మగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆయన భార్య మంగతాయారు గారు వాటిని "అత్తగారి వడ్లు" అనేవారట, ఊళ్లోనూ అదే పేరు నిలిచిపోయింది. ఒకప్పుడు వాళ్లింట్లో అన్నం ఉడికితే వీధి చివరిదాకా తెలిసేది. ఏటేటా వాసన పలచబడి, ఇప్పుడు దాదాపు లేదు. పొలానికి రెండు పక్కల చేపల చెరువులు, మిగతా రెండు పక్కల మామూలు వరి. ఈ పొలాన్ని కూడా చెరువుకి లీజుకు ఇమ్మని కైకలూరు పార్టీ ఒకటి వెంటపడుతోంది. వేసవిలో తవ్వకం మొదలు పెట్టాలి కాబట్టి ఈలోగా మాట చెప్పమన్నారు.

"వాసనే లేకపోతే ఇంత తక్కువ పండే వడ్లని పట్టుకుని వేలాడటం దేనికండీ? ఇచ్చేస్తాను. ఉందని మీరంటే మాత్రం ఇవ్వనండీ. మా అమ్మ విత్తనం అది" అన్నారు.

ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఆ పొలాన్ని చెరువు చేశారంటే, దాని కథ అక్కడితో సరి.

వాసన పరీక్షకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బియ్యాన్ని ఉప్పు కూడా లేకుండా వండి, శిక్షణ పొందినవాళ్లు విడివిడిగా వాసన చూసి, సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. కేంద్రంలోనే వండిద్దామన్నాను. వీర్రాజు గారు ఒప్పుకోలేదు. మీరు ఇంటికొస్తే మా ఆవిడ వండి పెడుతుందండీ, పొలం కూడా చూసినట్టుంటుంది కదండీ అన్నారు. పొలం చూడాల్సిన మాట నిజమే. నా జూనియర్ శాస్త్రవేత్త సుధాకర్‌ని తీసుకుని జీపులో వెళ్లాను.

మంగతాయారు గారు అరిటాకులు వేసి సిద్ధంగా ఉన్నారు. ముద్దపప్పు, గోంగూర, గుమ్మడికాయ పులుసు, కాచిన నెయ్యి. వాటన్నిటినీ గది అవతల పెట్టించి, ముందు ఉత్త అన్నమే వడ్డించమన్నాను. నేనేదో అపచారం చేస్తున్నట్టు ఆవిడ నన్ను చూసింది. గిన్నె మీద మూత తీసిందో లేదో గదంతా ఘుమఘుమలాడిపోయింది. సుధాకర్ మూడు వేశాడు. నేనూ మూడే వేశాను. వీర్రాజు గారి ముఖం వెలిగిపోయింది. మేం చేతులు కడుక్కునేలోగా ఆయన వీధిలోకెళ్లి కైకలూరు పార్టీకి ఫోన్ చేసి, పొలం ఇవ్వనని చెప్పేశారు.

ఇక మిగిలింది ప్రయోగశాల పని. గుడ్డసంచిలోని బియ్యం గింజల్ని ఒక్కొక్కటిగా గాజు గొట్టాల్లో వేసి, పలచటి కాస్టిక్ పొటాష్ ద్రావణం పోసి, మూత పెట్టి, కాసేపాగి వాసన చూడాలి. గొట్టం తరవాత గొట్టం చూశాం. ఎక్కడో ఒకటీ అరా తప్ప అన్నీ ఉత్తవే. సుధాకర్ నా వైపు భయంభయంగా చూసి, "మేడం, మీకేమన్నా జలుబు చేసిందాండీ?" అన్నాడు. నాకు జలుబు లేదు, కోపం ఉంది. ఒకే బియ్యం పొయ్యి మీద మూడు, గాజు గొట్టంలో సున్నా ఎలా అవుతుంది?

మర్నాడే మళ్లీ వెళ్లాం. పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఆ రోజు అన్నం వాసనే గుప్పుమంది. చూస్తే కుళాయి పక్కనే పొడుగాటి కత్తుల్లాంటి ఆకులతో ఒక మొక్క. రెండు మూడు ఆకులు సగానికి కోసి ఉన్నాయి. ఒకటి తుంచి నలిపి చూశాను. ఇంకేముంది! సువాసన బియ్యంలో ఉండే పదార్థమే ఆ ఆకులోనూ ఉంటుంది. అన్నంలో వేస్తే ఏది గింజ వాసనో, ఏది ఆకు వాసనో మనిషి ముక్కు కనిపెట్టలేదు.

"మంగతాయారు గారూ, ఆ రోజు అన్నంలో ఈ ఆకు వేశారా?" అన్నాను, నాన్నగారి గొంతుతో.

ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "వెయ్యకుండా ఎలాగండీ? అంత దూరం నుంచి మీరొస్తే వాసన లేని అన్నం పెట్టమంటారా? మా అత్తగారి వడ్లని చెప్పుకుని చప్పటన్నం వడ్డిస్తే ఆవిడ పైనుంచి నన్నేమనుకుంటారండీ?" అంది.

తిట్టడానికి నోరు తెరిచిన దాన్ని పగలబడి నవ్వేశాను. నా సర్వీసులో ఎన్నో పరీక్షలు ఎలకల వల్ల, వానల వల్ల, కరెంటు వల్ల చెడ్డాయి. మర్యాద వల్ల చెడింది మాత్రం ఇదొక్కటే. సుధాకర్ కూడా నవ్వుతున్నాడు. వీర్రాజు గారు మాత్రం నవ్వలేదు. అరుగు మీద కూలబడి, "అయితే చెరువేనండీ. మళ్లీ ఫోన్ చేసి కాళ్లట్టుకోవాలి కాబోలు" అన్నారు. అది విన్నాక మంగతాయారు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తలెత్తి చూశాను. గుమ్మానికి వేలాడదీసిన వరి కంకుల కుచ్చు మీద పిచ్చుకలు కిచకిచలాడుతూ గింజలు ఒలుచుకుంటున్నాయి.

"ఇది ఎవరు కట్టారండీ?"

"నేనేనండీ. కోత మిషను దిగకముందే చేలోకెళ్లి కొడవలితో కోసుకొస్తానండీ. మా అత్తగారు పెట్టిన ఆనవాయితీ" అంది మంగతాయారు గారు, కళ్లు తుడుచుకుంటూ.

నేను లేచి నిలబడ్డాను. వాసన ఎలా పోయిందో అప్పటికే నాకొక అనుమానం ఉంది. పక్క పొలం కోసిన మిషను కడుపులో కాసిని ధాన్యం మిగిలే వస్తుంది. ఆ కల్తీని మళ్లీ విత్తనంగా చల్లితే ఏటేటా పెరుగుతుంది. పక్క చేల పుప్పొడి వల్ల అయ్యే సంకరం అరుదే కానీ, అదీ ఉంటుంది. సంచిలో బియ్యం అంతా కలగాపులగం. కుచ్చులో మాత్రం ఒక్కో కంకి ఒక్కో మొక్కది. ఏది అసలో, ఏది కల్తీయో విడదీయొచ్చు.

వాళ్లకు అరుగు మీదే విషయం చెప్పాను. ప్రోటీన్ అనగానే మంగతాయారు గారు పప్పులోదా గుడ్డులోదా అని అడిగింది. ప్రతి జీవకణం తనకు కావలసిన ప్రోటీన్లు తనే తయారుచేసుకుంటుందండీ అన్నాను. ఎలా చెయ్యాలో రాసి ఉన్నది జన్యువు. అది మూలవిరాట్టులా కణం నడిమి గదిలోంచి కదలదు. దాని నకలు ఒకటి, ఉత్సవ విగ్రహంలా, బయటికొస్తుంది. బయట ఒక చిన్న యంత్రం ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ప్రతి మూడక్షరాలకూ ఒక్కో అమైనో ఆమ్లం తెచ్చి గొలుసు కడుతుంది. ఆ గొలుసు తగినట్టు ముడుచుకుంటే ప్రోటీన్, దాని పని అది చేస్తుంది. మామూలు వరిలో అలాంటి ప్రోటీన్ ఒకటి, వాసనగా మారాల్సిన ముడిసరుకును వేరే దారి పట్టిస్తుంది. సువాసన వరిలో ఆ జన్యువులో ఎనిమిది అక్షరాలు రాలిపోయి ఉంటాయి. ఎనిమిదిని మూడుతో భాగిస్తే సరిగ్గా పోదు కదా, అక్కణ్నుంచి చదవడం అంతా తప్పిపోతుంది. ఆపెయ్యమనే గుర్తు తొందరగా వచ్చేసి, సగం ప్రోటీన్ తయారవుతుంది. అది పనికిరాదు. ముడిసరుకు మిగిలి, వాసన అవుతుంది.

"అంటే పాడైపోతేనే వాసనాండీ?" అన్నారు వీర్రాజు గారు, తేరుకుని.

"అవునండీ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ పాడై ఉండాలి. ఒక్కటి బాగున్నా చాలు, ఆ ప్రోటీన్ తయారై వాసన పోతుంది."

"ఒక్క బుద్ధిమంతుడు చాలన్నమాట ఇంట్లో కళ పోగొట్టడానికి" అంది మంగతాయారు గారు. మా విభాగంలో ఎవరూ అంత చక్కగా చెప్పలేదు.

తీరా కుచ్చు అడిగితే ఇవ్వనంది. పిచ్చుకలకి పెట్టింది వెనక్కి తీసుకోకూడదట. కాసేపు బేరాలయ్యాక ఒప్పందానికొచ్చాం. సగం కంకులు నాకు. పిచ్చుకలకు నష్టం లేకుండా ఊళ్లో చేత్తో కోసిన ఒక చేని పనల్లోంచి మామూలు కంకులు తెచ్చి ఆ చోట కట్టాలి. వీర్రాజు గారు అప్పటికప్పుడు వెళ్లి తెచ్చారు. కైకలూరు పార్టీకి మళ్లీ ఫోన్ చెయ్యొద్దని, నేను చెప్పేదాకా ఆగమని ఆయనకు గట్టిగా చెప్పి వచ్చాను.

కేంద్రంలో ఒక్కో కంకి గింజల్ని ఒక్కో వరసగా నాటించాను. నారు ఎదిగాక ప్రతి మొక్క ఆకూ ముక్కలు చేసి, అదే ద్రావణంలో వేసి వాసన చూశాం. ఆ రోజుల్లో సుధాకర్‌కి కాఫీ నిషేధం, నాకు తలనూనె నిషేధం. చాలా వరసలు ఉత్తవి. కొన్నిటిలో ఒక మొక్క వాసన, పక్కది కాదు, అంటే సంకరం. కొద్ది వరసల్లో మాత్రం ప్రతి మొక్కా ఘుమఘుమ. సుధాకర్ వాటి ఆకుల్ని జన్యు పరీక్షకు కూడా పెట్టాడు. ఎనిమిది అక్షరాలు రాలిన ప్రతి తప్ప వాటిలో ఇంకొకటి లేదు.

వీర్రాజు దంపతుల్ని పిలిపించాను. ఏమీ చెప్పకుండా, ఆ వరసల ఆకు ముక్కలు నానిన గాజు పళ్లెం మూత తీసి మంగతాయారు గారి ముక్కు దగ్గర పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని, "మా అత్తగారి వంటిల్లండీ" అంది. వీర్రాజు గారు పళ్లెం లాక్కుని వాసన చూసి, చూసి, ఇంక ఇవ్వలేదు. పట్టలేని సంతోషం వేసింది నాకు.

పొలం చెరువు కాలేదు. మరుసటి సార్వాలో ఆ వరసల విత్తనాన్ని చేపల చెరువుల గట్ల వైపున్న మడిలో నాటించాం. ఆ రెండు పక్కల నుంచీ పుప్పొడి వచ్చే వీలే లేదు. ఏ చెరువులు ఆ పొలాన్ని మింగుతాయనుకున్నామో అవే కంచె అయ్యాయి. ఆ మడి కొడవళ్లతో కోయించి, విత్తనం పెంచుకుంటూ పోయారు. నేను రిటైరయ్యేనాటికి పొలమంతా అత్తగారి వడ్లే.

ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇది. పరీక్షకు వచ్చిన బియ్యం ఎవరి చేలో పండిందో అడగడం చాలదు, ఎవరి పొయ్యి మీద ఉడికిందో కూడా అడగాలి. ఆ తరవాత మా కేంద్రంలో వాసన పరీక్షలకు బయటి వంట పనికిరాదని నియమం పెట్టాను.

రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. గిన్నె మూత తియ్యగానే ఇల్లంతా వాసన. మంగతాయారు గారు నవ్వుతూ, "ఈసారి ఆకు వెయ్యలేదండీ. కావాలంటే పెరట్లోకెళ్లి మొక్క చూసి రండి" అంది.

విస్తరి ముందు నుంచి లేచి, వెళ్లి చూసే వచ్చాను. ఒక్క ఆకూ కోసి లేదు. అప్పుడు కూర్చుని తిన్నాను.